గత ఉష్ణోగ్రతల రికార్డుతో క్లైమేట్ మోడళ్ల అంచనాలను బిగించడం ఎలా: డేటా దించుకోవడం నుంచి తుది అంకె దాకా

గాలిలో కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే భూమి చివరికి ఎంత వేడెక్కుతుంది? ఈ ప్రశ్నకు సీమిప్6 మోడళ్లు (వివిధ దేశాల పరిశోధన సంస్థలు ఒకే నియమాలతో నడిపి పోల్చుకునే క్లైమేట్ మోడళ్ల తరం) 1.8 డిగ్రీల నుంచి 5.6 డిగ్రీల దాకా రకరకాల జవాబులు ఇస్తాయి. రష్యా ఐఎన్ఎం మోడళ్లు కింది కొసన ఉంటే, కెనడా క్యాన్‌ఈఎస్ఎం5, బ్రిటన్ హ్యాడ్‌జెమ్3 పై కొసన ఉంటాయి. 1979లో అమెరికా శాస్త్రవేత్తల చార్నీ కమిటీ ఇచ్చిన 1.5–4.5 డిగ్రీల కంటే ఈ వెడల్పు ఎక్కువే. అయినా వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి సంఘం ఐపీసీసీ 2021లో ఇచ్చిన ఆరో నివేదిక 2.5 నుంచి 4 డిగ్రీల మధ్య ఉండే అవకాశం ఎక్కువని చెప్పగలిగింది. మోడళ్లన్నిటినీ ఓట్లలా లెక్కపెట్టకుండా, ఇప్పటికే థర్మామీటర్లలో నమోదైన వేడిమితో పాటు మరికొన్ని ఆధారాలతో వాటిని పరీక్షించడం వల్ల అది సాధ్యమైంది.

ఆ పరీక్షల్లో అన్నిటికంటే సులువుగా మొదలుపెట్టగలిగింది ఇక్కడ చెబుతున్నాం. నెలవారీ డేటా చాలు కాబట్టి మామూలు ల్యాప్‌టాప్, ఒక బయటి హార్డ్‌డిస్క్, పైథాన్‌లో ఎక్స్‌అరే, కమాండ్ లైన్‌లో సీడీఓ (రెండూ వాతావరణ డేటా ఫైళ్లతో పనిచేసే సాఫ్ట్‌వేర్లు) ఉంటే పని నడుస్తుంది. 192×144 గ్రిడ్ (భూమిని అన్ని గడులుగా విడదీసిన చట్రం) ఉన్న మోడల్‌లో 1850 నుంచి 2100 దాకా ఒక్క రన్‌లో, అంటే మోడల్‌ను ఒకసారి నడిపితే, ఒక్కో చలరాశికి, కుదించకుండా, దాదాపు 330 ఎంబీ పడుతుంది.

పద్ధతి ఇదీ. ప్రతి మోడల్ నుంచి రెండు అంకెలు తీస్తాం: గత కొన్ని దశాబ్దాల్లో అది ఎంత వేగంగా వేడెక్కింది, శతాబ్దం చివరికి ఎంత వేడెక్కుతుంది. 30 మోడళ్లకు గ్రాఫ్ మీద 30 చుక్కలు వస్తాయి. గతంలో ఎక్కువ వేడెక్కిన మోడలే ముందు కూడా ఎక్కువ వేడెక్కితే ఆ చుక్కలు ఒక ఏటవాలు గీత చుట్టూ పడతాయి. అసలు భూమి గతంలో ఎంత వేడెక్కిందో మనకు తెలుసు కనుక, ఆ అంకె దగ్గర గీత ఎత్తు చూసి భవిష్యత్తును అంచనా కడతాం. ఈ రంగంలో దీన్ని ఎమర్జెంట్ కన్‌స్ట్రెయింట్ అంటారు. గీత గీయడం పది నిమిషాల పని. దాని చుట్టూ ఉన్న చెదురును తక్కువగా లెక్కేయడం దగ్గరే అంకెలు తప్పుతాయి. అందుకే ఈ మార్గదర్శిలో పెద్ద భాగం ఆ చెదురు గురించే ఉంటుంది.

1. ఏ ఏళ్లు తీసుకోవాలి

1850 నుంచి రికార్డు ఉన్నప్పుడు మొత్తం వాడుకుంటే మంచిది కదా అనిపిస్తుంది. వద్దు. బొగ్గు, చమురు కాలితే కార్బన్ డయాక్సైడ్‌తో పాటు గంధకం కూడా గాలిలోకి వెళ్తుంది. దాని నుంచి పుట్టే సల్ఫేట్ కణాలు ఎండను వెనక్కి కొడతాయి, మేఘాలను ఇంకా తెల్లబరుస్తాయి. ఈ చల్లదనం ఎంతన్నది మోడల్‌కొక తీరుగా ఉంటుంది. వేడికి అతిగా స్పందించే మోడల్‌లో ఈ చల్లదనం కూడా అతిగా ఉంటే రెండు తప్పులూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. 1850–2014 మొత్తం వేడిమి మాత్రం చక్కగా సరిపోయినట్టు కనిపిస్తుంది. అమెరికా ఇంధన శాఖ తయారుచేసిన ఈ3ఎస్ఎం మొదటి వెర్షన్‌ను గీసి చూడండి. 20వ శతాబ్దం మధ్యలో అసలు భూమి కంటే బాగా చల్లగా నడిచి, ఆఖరి దశాబ్దాల్లో నిలువునా పైకి లేస్తుంది. చివరి ఏడు అంకె ఒక్కటే చూస్తే ఈ లోపం పట్టుబడదు.

1980 ప్రాంతం నుంచి పరిస్థితి మారింది. యూరప్, అమెరికాల్లో గంధకం తగ్గింది, ఆసియాలో పెరిగింది. ప్రపంచం మొత్తం మీద కలిపితే పెద్ద పెరుగుదల లేదు. అంటే ఆ తరువాతి వేడిమి చాలా వరకు గ్రీన్‌హౌస్ వాయువులదే, ముందు రాబోయే వేడిమికీ కారణం అవే. గతానికీ భవిష్యత్తుకీ కారణం ఒకటైనప్పుడే ఒకటి రెండోదాని గురించి ఏమైనా చెప్పగలదు. అందుకే 1981–2014, మొత్తం 34 ఏళ్లు తీసుకోండి. సీమిప్6లో చారిత్రక రన్‌లు (గతంలో నిజంగా వెలువడిన వాయువులు, ధూళి ఇచ్చి నడిపినవి) 2014తో ముగుస్తాయి కాబట్టి అతుకు కూడా అక్కర్లేదు.

2015 తరువాతి ఏళ్లను ఎస్ఎస్‌పీ2-4.5 (ఉద్గారాలు మధ్యస్థంగా ఉంటాయనుకునే భవిష్యత్తు సినారియో) రన్‌తో అతికి కిటికీని, అంటే మనం ఎంచుకున్న ఏళ్ల పరిధిని, పొడిగించవచ్చు. పొడిగిస్తే సహజమైన ఊగిసలాట (ఎల్ నీన్యోలా ఉష్ణోగ్రత తనంతట తాను పైకీ కిందికీ కదలడం) ప్రభావం తగ్గుతుంది, అది లాభం. కానీ చైనా గంధకాన్ని ఎంత వేగంగా తగ్గించిందో, 2020లో ఓడల ఇంధనంలో గంధకం పరిమితి 3.5 శాతం నుంచి 0.5 శాతానికి పడిపోయినప్పుడు ఏం జరిగిందో ఆ ముందే రాసిపెట్టిన సినారియోల్లో సరిగ్గా లేదు. రెండు కిటికీలతోనూ లెక్క చేసి రెండూ చూపండి. ముఖ్య ఫలితంగా 1981–2014నే ఉంచండి.

ఇక్కడ ఒక క్రమశిక్షణ కావాలి. కిటికీని ఫలితం చూడకముందే రాసిపెట్టుకోవాలి. మొదలు ఏడాదిని 1975 నుంచి 1985 దాకా జరిపి, ఏది బిగుతైన అంచనా ఇస్తే దాన్ని ఎంచుకుంటే అది కన్‌స్ట్రెయింట్ కాదు, ఏరుకోవడం. జరిపి చూడటంలో తప్పు లేదు, కానీ వచ్చిన తేడా మొత్తం నివేదికలో కనిపించాలి.

1982 ఎల్ చిచోన్, 1991 పినటుబో అగ్నిపర్వతాలు ఈ కిటికీ మొదటి భాగంలోనే పేలాయి. అవి ఆ ఏళ్లను చల్లబరిచి వాలును, అంటే దశాబ్దానికి ఎంత వేడెక్కిందన్న అంకెను, కాస్త పెంచుతాయి. చారిత్రక రన్‌లలో వాటి ధూళి కూడా ఉంటుంది కాబట్టి పోలిక చెడదు. పరిశీలనల నుంచి మాత్రమే వాటి ప్రభావాన్ని తీసేస్తేనే చెడుతుంది. ఎల్ నీన్యోకూ ఇదే సూత్రం: తీస్తే రెండు వైపులా తీయాలి, లేదంటే రెండు వైపులా వదిలేయాలి.

2. భవిష్యత్తు అంకె

2081–2100 సగటులోంచి 1995–2014 సగటు తీసేయండి. 1850–1900 నుంచి కొలవాలన్న ఆశ పుడుతుంది, ఎందుకంటే పత్రికల్లో కనిపించే 1.5 డిగ్రీలు, 2 డిగ్రీలు ఆ లెక్కలోవే. కానీ అలా కొలిస్తే గతంలో జరిగిన వేడిమి భవిష్యత్తు అంకెలోనే కూర్చుంటుంది. అప్పుడు సహసంబంధం కొంత దానంతటదే పుట్టుకొస్తుంది, గీత లేని బలాన్ని చూపిస్తుంది. పని అంతా 1995–2014 ఆధారంగా చేసి, చివర్లో పరిశీలనల నుంచి వచ్చిన 0.85 డిగ్రీలు కలపండి. 1850–1900తో పోలిస్తే 1995–2014 అంత వేడిగా ఉందన్నది ఐపీసీసీ ఆరో నివేదిక అంకె. దానికి దాని అనిశ్చితి ఉంది, 0.69 నుంచి 0.95 దాకా. అది కూడా కలపాలి.

ఒక్కో సినారియోకు వేరువేరుగా చేయండి. ఈ పద్ధతి భూమి స్పందనలోని అనిశ్చితిని మాత్రమే తగ్గిస్తుంది. మనుషులు ఎంత బొగ్గు కాలుస్తారన్న దాని మీద థర్మామీటర్‌కు అధికారం లేదు.

3. పరిశీలన డేటా

ఒకే డేటాసెట్‌తో సరిపెట్టకండి. హ్యాడ్‌క్రట్5 (1850 నుంచి, 5 డిగ్రీల గ్రిడ్), నాసా జిస్‌టెంప్ (1880 నుంచి, 2 డిగ్రీలు), నోవా గ్లోబల్‌టెంప్, బర్కిలీ ఎర్త్ (1 డిగ్రీ) నాలుగూ దించుకోండి. వీటి ఆధార కాలాలు వేరు: హ్యాడ్‌క్రట్‌కు 1961–1990, జిస్‌టెంప్‌కు, బర్కిలీ ఎర్త్‌కు 1951–1980. వాలు కొలిచేటప్పుడు ఆధార కాలం తేడా పట్టదు, కానీ గీతలన్నీ ఒకే గ్రాఫ్ మీద పెట్టేముందు అన్నిటినీ ఒకే కాలానికి దించాలి.

పనికి వెన్నెముకగా హ్యాడ్‌క్రట్5ను తీసుకోవడం మంచిది. దానికి 200 సభ్యుల ఎన్‌సెంబుల్ ఉంది. కొలతల్లో ఎక్కడెక్కడ ఎంత పొరపాటు ఉండవచ్చో అంచనా వేసి, అదే చరిత్రను 200 రకాలుగా తిరిగి రాసినట్టు ఉంటుంది. ప్రతి సభ్యుడికీ 1981–2014 వాలు కట్టి, ఆ 200 వాలుల ప్రామాణిక విచలనం తీస్తే కొలత అనిశ్చితి చేతికొస్తుంది. దానికి నాలుగు డేటాసెట్ల మధ్య ఉన్న తేడాను కలపండి.

ఈ అనిశ్చితి ఎక్కడిదో తెలిస్తే అంకెను గుడ్డిగా నమ్మరు. సముద్రపు నీటి ఉష్ణోగ్రతను ఒకప్పుడు ఓడ మీదికి బకెట్‌తో నీళ్లు తోడి కొలిచేవారు. పైకి లాగేలోపే నీరు ఆవిరై కొంచెం చల్లబడేది. తరువాత ఇంజిన్‌లోకి వెళ్లే నీటిని కొలిచారు, అది కాస్త వేడి చూపిస్తుంది. ఇప్పుడు ఎక్కువ కొలతలు నీటిమీద తేలే బోయాలవి. ఓడల అంకెల కంటే ఇవి దాదాపు 0.12 డిగ్రీలు తక్కువ చూపుతాయి. 1980ల తరువాత ఓడలు తగ్గి బోయాలు పెరిగాయి కనుక, సరిదిద్దకపోతే సముద్రం ఉన్నదానికంటే తక్కువగా వేడెక్కినట్టు కనబడుతుంది. ఇది సరిగ్గా మన కిటికీలోనే జరిగింది. అందుకే సరిదిద్దిన తాజా వెర్షన్లే వాడాలి. ఎప్పుడో దించుకున్న పాత ఫైలు చేతికి దొరికిందని అదే వాడొద్దు.

ఈఆర్ఏ5 లాంటి రీఎనాలిసిస్‌ను (పరిశీలనలను వాతావరణ మోడల్‌తో కలిపి కట్టిన రికార్డును) పక్కన సరిచూసుకోవడానికి ఉంచండి, ఆధారంగా వద్దు.

4. మోడల్ డేటా

సీమిప్ డేటా ఉంచే ఈఎస్‌జీఎఫ్ సర్వర్ల నుంచి ఒక్కో మోడల్‌కు ఇవి కావాలి: చారిత్రక రన్, ఎంచుకున్న ఎస్ఎస్‌పీ రన్, పారిశ్రామిక యుగానికి ముందున్న పరిస్థితిని స్థిరంగా నడిపిన కంట్రోల్ రన్. చలరాశులు నాలుగు: నేలకు దగ్గరి గాలి ఉష్ణోగ్రత (టాస్), సముద్ర ఉపరితల ఉష్ణోగ్రత (టాస్‌కు జంటైన టోస్), గడిలో సముద్రపు మంచు శాతం, గడిలో నేల శాతం. పుణె ఐఐటీఎం తయారుచేసిన ఐఐటీఎం-ఈఎస్ఎం కూడా సీమిప్6లో ఉంది, దాన్నీ జాబితాలో చేర్చుకోవచ్చు.

చారిత్రక రన్, ఎస్ఎస్‌పీ రన్ రెండింటికీ సభ్యుడి గుర్తు (ఒకే మోడల్‌తో నడిపిన పలు రన్‌లలో ఇది ఏదో చెప్పే పేరు) ఒకటే ఉండాలి. ఆర్1ఐ1పీ1ఎఫ్1కు ఆర్2ఐ1పీ1ఎఫ్1 అతికితే 2014–2015 దగ్గర ఓ మెట్టు పడుతుంది, అది చిన్నదైతే కంటికి ఆనదు. బ్రిటన్ మోడళ్లకు ఎఫ్1 ఉండదు, ఎఫ్2 లేదా ఎఫ్3 ఉంటుంది. ఎఫ్1 మాత్రమే వెతికే స్క్రిప్ట్ రాస్తే ఎక్కువ సున్నితమైన మోడళ్లు చెప్పాపెట్టకుండా జాబితాలోంచి జారిపోతాయి, ఫలితం ఒక వైపుకు ఒరుగుతుంది.

క్యాలెండర్లు కూడా చూసుకోండి. హ్యాడ్‌జెమ్3, యూకేఈఎస్ఎం1లకు ఏడాదికి 360 రోజులు. చాలా మోడళ్లకు లీపు లేని 365. నెలల నుంచి ఏడాది సగటు తీసేటప్పుడు ఒక్కో నెల రోజుల సంఖ్యతో తూకం వేయండి.

5. సాటికి సాటి: అన్నిటికంటే ఓపిక అడిగే మెట్టు

మోడల్ వాళ్లిచ్చే ప్రపంచ సగటు అంతటా గాలి ఉష్ణోగ్రతే. పరిశీలనల సగటు అలాంటిది కాదు: నేల మీద గాలి, సముద్రం మీద నీరు. పైగా పరిశీలనల్లో ఖాళీ గడులు ఉంటాయి, అవి ఎక్కువగా ఉండేది అందరికంటే వేగంగా వేడెక్కుతున్న ఆర్కిటిక్‌లో. ఈ రెండు తేడాలూ ఉంచి పోలిస్తే మోడల్ అన్యాయంగా వేడిగా కనిపిస్తుంది. మోడల్ తప్పు కానిదాన్ని మోడల్ మీద రుద్దినట్టవుతుంది.

పని వరుస ఇదీ.

ముందు టాస్, టోస్ రెండింటినీ విడివిడిగా అనామలీలుగా మార్చండి: ప్రతి గడికీ, ప్రతి నెలకూ 1961–1990 సగటు తీసేయాలి. టాస్ కెల్విన్‌లో, టోస్ సెల్సియస్‌లో ఉంటుంది. అనామలీ చేయకుండా కలిపితే తీరప్రాంత గడుల్లో 273 డిగ్రీల మెట్లు వస్తాయి. అది కంటికి కనబడే తప్పు కాబట్టి భయం లేదు.

తరువాత రెండింటినీ పరిశీలనల గ్రిడ్‌కు తేవాలి. టోస్ సముద్ర మోడల్ వంపుల గ్రిడ్ మీద ఉంటుంది, అక్షాంశ రేఖాంశాలు సూటిగా ఉండవు. సీడీఓలో విస్తీర్ణాన్ని కాపాడే రీమ్యాప్‌కాన్ వాడండి. కొన్ని ఫైళ్లలో గడుల మూలలు ఉండవు, అప్పుడది ఎర్రర్ ఇస్తుంది. అలాంటి వాటికి బైలీనియర్ (చుట్టుపక్కల గడుల నుంచి అంచనా కట్టే పద్ధతి) వాడి, ఆ సంగతి రాసుకోండి. నేల గడుల్లో సున్నాలు నింపిన ఫైళ్లు కూడా ఎదురవుతాయి, సున్నాను ఖాళీగా మార్చాకే గ్రిడ్ మార్చాలి.

ఇప్పుడు కలపడం. గడిలో నేల, మంచు ఉన్న వాటాకు గాలి అనామలీ, తెరిచి ఉన్న నీటి వాటాకు నీటి అనామలీ. ఇక్కడొక చిక్కు ఉంది. సముద్రపు మంచు కింద నీరు ఎప్పుడూ మైనస్ 1.8 డిగ్రీల దగ్గరే ఉంటుంది. మంచు మీది గాలి మాత్రం దశాబ్దాల్లో చాలా డిగ్రీలు పెరిగి ఉండవచ్చు. మంచు కరిగిన నెలలో ఆ గడి గాలి లెక్కలోంచి నీటి లెక్కలోకి మారుతుంది. అంతకుముందు నెల 4 డిగ్రీల అనామలీ చూపిన గడి ఒక్కసారిగా సున్నాకు పడిపోతుంది. మంచు కరగడం అంటే వేడెక్కడం, లెక్కలో మాత్రం చల్లబడినట్టు వస్తుంది. దీనికి మందు: మంచు వాటాను నెలనెలా మార్చకుండా, ఆధార కాలపు సగటు మంచుతో స్థిరంగా ఉంచి ఒకసారి, మారే మంచుతో ఒకసారి లెక్క చేయండి. రెండు వాలుల తేడాను అనిశ్చితిలో కలపండి.

ఆఖర్న ముసుగు వేయాలి. ఖాళీలు నింపని హ్యాడ్‌క్రట్5 వాడితే, ఏ నెలలో ఏ గడి ఖాళీగా ఉందో మోడల్‌లోనూ అదే నెలలో అదే గడిని ఖాళీ చేయండి. ఖాళీలు నింపిన వెర్షన్ వాడితే ఈ మెట్టు దాదాపు అక్కర్లేదు. ప్రపంచ సగటుకు గడి విస్తీర్ణంతో, అంటే అక్షాంశపు కొసైన్‌తో, తూకం వేయండి. అది మరిచిపోతే ధ్రువాల దగ్గరి బుల్లి గడులకు భూమధ్యరేఖ గడులంత ఓటు పడి వేడిమి ఉబ్బుతుంది.

ఒక మాట. ఇలా కలిపిన లెక్క గతం అంకెకే వర్తిస్తుంది. భవిష్యత్తు అంకెకు మామూలు గాలి ఉష్ణోగ్రతే వాడండి.

6. సహజ ఊగిసలాటను కొలవడం

భూమికి చరిత్ర ఒక్కటే. 1981–2014 వాలులో గ్రీన్‌హౌస్ వాయువుల పని ఎంత, పసిఫిక్ తనకు తానుగా ఊగడం వల్ల వచ్చింది ఎంత అన్నది ఒక్క చరిత్ర నుంచి విడదీయలేం. మోడళ్ల నుంచి అంచనా కట్టాలి. కంట్రోల్ రన్ కనీసం 500 ఏళ్లు ఉండాలన్నది సీమిప్6 నియమం. దాన్ని 34 ఏళ్ల ముక్కలుగా కోయండి, 14 ముక్కలు వస్తాయి. ప్రతి ముక్కకూ వాలు కట్టి ప్రామాణిక విచలనం తీయండి. నెమ్మదిగా జారే డ్రిఫ్ట్ ఉంటే ముందే ఒక సరళరేఖగా తీసేయండి.

మోడళ్ల మధ్య ఈ అంకె బాగా తేడాగా ఉంటుంది. ఈసీ-ఎర్త్3 లాంటి కొన్నింటిలో దశాబ్దాల స్థాయి ఊగిసలాట చాలా ఎక్కువ. మధ్యస్థం తీసుకోవడం మామూలు, కానీ పై వైపు నుంచి ఒకటి తీసుకుని మళ్లీ లెక్క చేసి చూపడం మంచిది.

ఇక ఎక్కువ మంది తప్పటడుగు వేసేది ఇక్కడే. ఒక మోడల్‌కు చాలా రన్‌లు ఉంటే, ఉదాహరణకు మిరాక్6కు 50 ఉన్నాయి, వాటి సగటు తీస్తే ఊగిసలాట చెరిగిపోయి అసలు స్పందన మిగులుతుంది. అప్పుడు పరిశీలనల వైపు ఊగిసలాటను కలపాలి. అలా కాకుండా ప్రతి మోడల్ నుంచీ ఒక్క రన్ మాత్రమే తీసుకుంటే ఊగిసలాట ఇప్పటికే చుక్కల చెదురులో ఉంది, గీత వాలును అది తగ్గించేసింది కూడా. అప్పుడు పరిశీలనలకు కొలత పొరపాటు మాత్రమే కలపాలి. మళ్లీ ఊగిసలాట కలిపితే ఒకే చెదురును రెండుసార్లు లెక్కపెట్టినట్టు. కొన్ని మోడళ్లకు సగటు, కొన్నింటికి ఒక్క రన్ అని కలగాపులగం చేస్తే రెండూ కాకుండా పోతుంది. ఏదో ఒక దారి పట్టండి. రన్‌లు దొరికినంత వరకు సగటు దారే నయం.

7. లెక్క

చేత్తో చేసి చూస్తే అర్థమవుతుంది. ఈ అంకెలు లెక్క చూపడానికి ఎంచుకున్నవి, ఏ పరిశోధన ఫలితాలూ కావు.

మోడళ్ల గతపు వాలు సగటు దశాబ్దానికి 0.23 డిగ్రీలు, చెదురు (ప్రామాణిక విచలనం) 0.06. భవిష్యత్తు వేడిమి సగటు 4.0 డిగ్రీలు, చెదురు 0.8. రెండింటి సహసంబంధం 0.8. పరిశీలించిన వాలు 0.19. కొలత పొరపాటు 0.01, ఊగిసలాట 0.03.

పరిశీలనల మొత్తం అనిశ్చితి వర్గం: 0.01 వర్గం + 0.03 వర్గం = 0.0010.
మోడళ్ల చెదురు వర్గం దానికి ఎన్ని రెట్లు: 0.0036 ÷ 0.0010 = 3.6.
కుదింపు గుణకం: 3.6 ÷ (3.6 + 1) = 0.78.
సగటు ఎంత జరుగుతుంది: 0.8 × (0.8 ÷ 0.06) × 0.78 × (0.19 − 0.23) = −0.33.
కొత్త సగటు: 3.67 డిగ్రీలు.
కొత్త చెదురు: 0.8 × వర్గమూలం (1 − 0.64 × 0.78) = సుమారు 0.57 డిగ్రీలు.

ముందు 5–95 శాతం పరిధి (అసలు అంకె లోపల పడే అవకాశం నూటికి 90 ఉన్న పరిధి) 2.68 నుంచి 5.32. ఇప్పుడు 2.74 నుంచి 4.60. కింది కొస కదిలీ కదలనట్టు ఉంది, కోత అంతా పై కొసన పడింది. అసలు డేటాతో చేసినా రూపం ఇలాగే వస్తుంది, ఎందుకంటే సీమిప్6లో అతిగా వేడెక్కే మోడళ్ల గుంపే పరిశీలనలకు దూరంగా ఉంది.

ఇప్పుడు ఊగిసలాటను వదిలేసి కొలత పొరపాటు 0.01 మాత్రమే పెట్టి చూడండి. నిష్పత్తి 36కు ఎగబాకుతుంది, గుణకం 0.97 అవుతుంది, సగటు 3.58కి దిగుతుంది, చెదురు 0.49కి తగ్గుతుంది. పరిధి 2.78 నుంచి 4.39. పై కొసన అదనంగా 0.2 డిగ్రీలు కోసుకుపోయాయి. కొత్త సమాచారం ఏమీ రాలేదు, ఒక అనిశ్చితిని మరిచిపోయాం, అంతే. అంచనా ఎంత బిగుతుగా ఉంటే అంత గొప్ప అనుకునే సమీక్షకుడు ఈ రెండో ఫలితాన్నే మెచ్చుకుంటాడు, అదీ తంటా.

30 చుక్కలతో గీత వాలే కచ్చితంగా తెలియదు. దానికోసం బూట్‌స్ట్రాప్ చేయండి: మోడళ్లను మళ్లీ మళ్లీ యాదృచ్ఛికంగా తీసి, లెక్కను కొన్ని వేల సార్లు తిప్పి, ఫలితాలన్నీ కలిపి పరిధి తీయండి. మోడల్ మోడల్‌గా తీయకూడదు, కుటుంబం కుటుంబంగా తీయాలి. యూకేఈఎస్ఎం1 లోపల ఉన్నది హ్యాడ్‌జెమ్3యే. నార్‌ఈఎస్ఎం2 సీఈఎస్ఎం2 మీద కట్టింది. ఐఎన్ఎం జంట అన్నదమ్ములు. పేర్లు 30 ఉన్నా స్వతంత్రమైన చుక్కలు అంతకంటే తక్కువే.

8. నమ్మే ముందు పరీక్ష

ఒక మోడల్‌ను భూమి అనుకోండి. దాని ఒక్క రన్‌లోని 1981–2014 వాలును పరిశీలనగా పెట్టండి. ఆ మోడల్‌నూ దాని కుటుంబాన్నీ పక్కకు తీసేసి, మిగిలిన వాటితో భవిష్యత్తును అంచనా కట్టండి. దాని అసలు భవిష్యత్తు మనకు తెలుసు కనుక 5–95 శాతం పరిధిలో పడిందో లేదో చూడండి. 30 మోడళ్లకూ చేస్తే 27 ప్రాంతంలో లోపల పడాలి. 22 దగ్గర ఆగితే మీ పరిధి ఇరుకు, ఏదో అనిశ్చితి తప్పిపోయింది. 30కి 30 పడితే అనవసరంగా వెడల్పు చేశారు, చాలాసార్లు అది పైన చెప్పిన రెండుసార్ల లెక్కే.

తరువాత ఇదే పనిని పాత సీమిప్5 మోడళ్ల మీద చేయండి. ఒక తరం మోడళ్లలో కనిపించి ఇంకో తరంలో మాయమయ్యే సంబంధాలు ఈ రంగంలో చాలానే వచ్చి పోయాయి. వాటి వెనక భౌతిక కారణం లేకపోవడమే అందుకు కారణం. గత వాలు పద్ధతికి ఆ కారణం ఉంది, అందుకే ఇది నిలబడింది.

9. పరీక్షలో కూడా పట్టుబడనిది

1979 నుంచి అసలు సముద్రంలో ఒక వింత ఉంది. తూర్పు పసిఫిక్, అంటార్కిటికా చుట్టూ ఉన్న దక్షిణ సముద్రం పెద్దగా వేడెక్కలేదు, కొన్నిచోట్ల చల్లబడ్డాయి. మోడళ్లలో ఈ తీరు సాధారణంగా రాదు. తూర్పు పసిఫిక్ చల్లగా ఉంటే దాని మీద తక్కువ ఎత్తు మేఘాలు పెరిగి ఎండను వెనక్కి కొడతాయి, ప్రపంచం మొత్తానికి వేడిమి తగ్గుతుంది. ఇది తాత్కాలికమైన ఊగిసలాటే అయితే రేపు తిరగబడవచ్చు, అప్పుడు మన గీత చెప్పిన అంచనా తక్కువైపోతుంది. 8వ మెట్టు పరీక్ష దీన్ని పట్టలేదు, ఎందుకంటే అక్కడ భూమి పాత్ర వేసింది కూడా ఈ తీరు చూపించని మోడళ్లే.

అందుకే పై కొసను ఈ ఒక్క పద్ధతితో తెగ్గొట్టడం సబబు కాదు. ఐపీసీసీ కూడా మేఘాల భౌతికశాస్త్రం, పురాతన వాతావరణ ఆధారాలు లెక్కలోకి తీసుకునే 2.5–4 అని చెప్పింది.

10. తెలుగు రాష్ట్రాల అంకెలు కావాలంటే

హైదరాబాద్ బేగంపేట రికార్డుతోనో, రెంటచింతల రికార్డుతోనో మోడళ్లను జల్లెడ పట్టాలని చూడకండి. దేశం మొత్తం తీసుకున్నా కుదరదు. భారత సగటు ఉష్ణోగ్రత 1901–2018 మధ్య సుమారు 0.7 డిగ్రీలే పెరిగిందని కేంద్ర భూ విజ్ఞాన శాఖ 2020 నివేదిక చెప్పింది, ప్రపంచ నేల ప్రాంతాల సగటు కంటే ఇది తక్కువ. మనమీద ఏరోసాల్స్ (సల్ఫేట్ లాంటి గాలిలోని సన్నటి కణాలు) ఇంకా ఎక్కువే, సాగునీరు కూడా నేలను చల్లబరుస్తోంది. గతానికీ భవిష్యత్తుకీ కారణాలు ఇక్కడ వేరు, 1వ మెట్టు నియమమే తప్పుతుంది. పైగా బేగంపేట చుట్టూ నగరం కమ్ముకుంది.

సరైన దారి వేరే ఉంది. ప్రతి మోడల్‌లో ప్రపంచ సగటు 2 డిగ్రీలు చేరిన 20 ఏళ్ల కాలాన్ని పట్టుకోండి. ఆ 20 ఏళ్లలో తెలంగాణ, ఆంధ్రల ఏప్రిల్–మే గరిష్ఠ ఉష్ణోగ్రత 1995–2014 కంటే ఎంత మారిందో తీయండి. అతివేడి మోడల్ ఆ మెట్టును ముందే చేరుతుంది, అంతే. చేరాక స్థానికంగా చూపే మార్పు మిగతా వాటికి అంత దూరంగా ఉండదు. ఆ మెట్టు ఏ ఏడాదిలో వస్తుందన్నది మాత్రం పైన బిగించిన ప్రపంచ అంచనా నుంచి తీసుకోండి.

స్థానిక పోలికకు భారత వాతావరణ శాఖ (ఐఎండీ) పుణె ఇచ్చే 1951 నుంచి ఉన్న రోజువారీ 1 డిగ్రీ గ్రిడ్ ఉంది: 31×31 గడులు, ఉత్తర అక్షాంశం 7.5 నుంచి 37.5, తూర్పు రేఖాంశం 67.5 నుంచి 97.5. ఖాళీ గడులకు 99.9 అని ఉంటుంది, తీసేయకపోతే మే సగటు 60 డిగ్రీలు దాటుతుంది. తెలంగాణ మొత్తానికి ఇందులో తొమ్మిది పది గడుల వైశాల్యమే వస్తుంది. దాన్నుంచి 33 జిల్లాలకు వేర్వేరు అంకెలు వేసిన పట్టిక ఎక్కడైనా కనిపిస్తే ఆ దశాంశాలకు అర్థం లేదు.

బయాస్ కరెక్షన్ అంటే మోడల్ సగటును ఐఎండీ సగటుకు జరపడం. అది మోడల్ మొదలుపెట్టే చోటును సరిచేస్తుంది, ఎంత వేగంగా వేడెక్కుతుందన్న దాన్ని ముట్టుకోదు. బయాస్ కరెక్షన్ చేశాం కాబట్టి అనిశ్చితి తగ్గిందని రాసిన నివేదికలో ఆ వాక్యం కొట్టేయాల్సిందే.

11. వచ్చిన అంకెను సరిచూసుకోవడం

2081–2100కు, 1850–1900తో పోలిస్తే, ఐపీసీసీ ఆరో నివేదిక అంకెలు ఇవి (ఉద్గారాలు తక్కువ నుంచి ఎక్కువ వరుసలో): ఎస్ఎస్‌పీ1-2.6కు 1.8 డిగ్రీలు (1.3–2.4), ఎస్ఎస్‌పీ2-4.5కు 2.7 (2.1–3.5), ఎస్ఎస్‌పీ5-8.5కు 4.4 (3.3–5.7). ఇవి కూడా కొంతవరకు ఇలాంటి పద్ధతులతోనే వచ్చాయి కనుక సరిపోయినంత మాత్రాన రుజువైనట్టు కాదు. సరిపోకపోతే మాత్రం వెతకాలి.

సగటు అర డిగ్రీకి మించి తేడాగా ఉంటే మొదట ఆధార కాలం చూడండి, 0.85 కలపడం మరిచి ఉంటారు. పరిధి వాళ్లదాని కంటే బాగా ఇరుకుగా ఉంటే 6వ మెట్టుకు వెళ్లండి. గతపు వాలులు అన్ని మోడళ్లలోనూ పరిశీలనల కంటే ఒకే దిశలో ఎక్కువగా ఉంటే టోస్ కలపకుండా టాస్ ఒక్కదానితోనే పోల్చారేమో చూడండి. ఒక్క మోడల్ మాత్రమే గీతకు చాలా దూరంగా ఉంటే దాన్ని వెంటనే తీసేయకండి. ముందు దాని 2014–2015 అతుకు గీసి చూడండి.